పొదుపు చేసిన ఇంటికి మిగిలిందేమి?

ప్రతి సంవత్సరం డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం వస్తుంది. బడుల్లో వ్యాసాల పోటీ, నినాదాల పోటీ పెడతారు. మనమంతా ఒకే మాట రాస్తాము. గదిలోంచి బయటికి పోయేటప్పుడు లైటు ఆర్పండి, ఫ్యాను ఆపండి, రేపటి తరానికి కరెంటు మిగల్చండి అని. మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ మాట రాసి ఇంటికి వస్తే గోడకున్న మీటరు, నెలనెలా వచ్చే బిల్లు, తోటలో తిరిగే మోటరు ఇంకో పాఠం చెప్తాయి. మనిషి ఏ పాఠం నేర్చుకుంటాడు? నినాదం నేర్పేదా, బిల్లు నేర్పేదా? బిల్లు నేర్పేదే అని నా వాదన. ఆ బిల్లు ఇప్పుడు మనకు తప్పు పాఠం నేర్పుతోందని కూడా నా వాదన.

ముందే ఒక సంగతి చెప్పాలి. ఉచిత కరెంటు వద్దు అనేవాళ్ళ పక్క నేను లేను. బస్సులో, పెళ్ళిళ్ళల్లో పెద్దవాళ్ళు కొందరు "ఫ్రీ ఇచ్చి జనాన్ని చెడగొట్టినారు" అంటూ ఉంటారు. ఆ మాట అనేవాళ్ళల్లో చాలామందికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. చింతామణి దగ్గర పల్లెలో మా అవ్వ ఒక్కతే ఉంటుంది. ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ. మునుపు బిల్లుకు పోయే డబ్బుతో ఇప్పుడు బీపీ మాత్రలు తెచ్చుకుంటుంది. ఆమెను ఎవరూ చెడగొట్టలేదు. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతూ ఉంటే ఇప్పటికీ ఆమె ఊరుకోదు. కాబట్టి ఉచితం ఇస్తే మనిషి పాడైపోతాడు అనేది సోమరి వాదన. అసలు చూడాల్సింది, ఆ ఉచితాన్ని ఏ లెక్కన పంచుతున్నారు అనేది.

మన రాష్ట్రంలో గృహజ్యోతి పథకం 2023లో వచ్చింది. జూలైలో వాడిన కరెంటుకు ఆగస్టులో మొదటిసారి సున్నా బిల్లులు వచ్చాయి. అందరూ "200 యూనిట్లు ఫ్రీ" అంటారు. నిజానికి అందరికీ 200 కాదు. 2022-23లో ఆ ఇల్లు నెలకు సగటున ఎన్ని యూనిట్లు వాడిందో చూసి, దానికి నూటికి పది కలిపి, అంతవరకే ఉచితం. పై హద్దు 200. ఆ ఇంటి వాటా దాటి, 200 లోపల ఉంటే దాటిన యూనిట్లకు మాత్రం డబ్బు కట్టాలి. 200 దాటితే బిల్లు మొత్తం కట్టాలి. బిల్లు కన్నడలో ఉంటుంది కాబట్టి చాలా ఇళ్ళల్లో దాన్ని చదివి పెద్దవాళ్ళకు చెప్పేది మన క్లాసు పిల్లలే. ఈసారి చదివేటప్పుడు మీ వాటా ఎంత ఉందో చూడండి.

ఇప్పుడు రెండు ఇళ్ళు అనుకుందాం. ఒక ఇల్లు ముందు నుంచీ జాగ్రత్తగా ఉండి నెలకు 40 యూనిట్లే వాడింది. ఇంకో ఇంట్లో గీజరు ఉంది, పెద్ద ఫ్రిజ్జు ఉంది, పగలంతా టీవీ నడుస్తుంది, 170 యూనిట్లు వాడింది. నూటికి పది కలిపితే మొదటి ఇంటికి 44 యూనిట్లు, రెండో ఇంటికి 187 యూనిట్లు ఉచితం. చిన్న ఇళ్ళకు ఇది అన్యాయమని ప్రభుత్వానికే అనిపించినట్టుంది. 2024 జనవరిలో, 48 యూనిట్ల లోపు వాడేవాళ్ళకు నూటికి పది బదులు పది యూనిట్లు కలుపుతామని మార్చారు. అప్పుడు 44 కాస్తా 50 అయింది. 2024లో ఉన్న యూనిటు ధర 5 రూపాయల 90 పైసల లెక్కన చూస్తే, మొదటి ఇంటికి నెలకు 295 రూపాయల కరెంటు ఉచితం. రెండో ఇంటికి 1,103 రూపాయల కరెంటు ఉచితం. ఎవరు ఎక్కువ వాడారో వాళ్ళకే ఎక్కువ బహుమానం! ఆ సంవత్సరం లైట్లు ఆర్పుకుంటూ తిరిగిన ఇంటికి, ఆర్పినందుకే వాటా తగ్గింది. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకు రాష్ట్ర సగటు 53 యూనిట్లకు పది శాతం కలిపి 58 ఇచ్చారు. అంటే నలభైతో సర్దుకున్న పాత ఇంటికంటే, ఏ లెక్కా లేని కొత్త ఇంటికి ఎక్కువ దక్కింది.

ఇక ఆ రెండు ఇళ్ళు రేపటి నుంచి పొదుపు చేస్తే ఏమి వస్తుంది? మొదటి ఇల్లు 35కు తగ్గించుకున్నా సున్నా బిల్లే, 50 వాడినా సున్నా బిల్లే. రెండో ఇల్లు 187 నుంచి 120కి దిగినా పైసా మిగలదు. వాటా దాటకూడదనే భయం మాత్రం ఉంది, అది మంచిదే, కాదనను. కానీ భయం హద్దు దగ్గర మాత్రమే పని చేస్తుంది. హద్దుకు ఇవతల ఎంత వాడినా ఒకటే. చిక్కబళ్ళాపురంలో మా అత్తావాళ్ళ వీధిలో నెలాఖరుకు ఆడవాళ్ళు మీటరు చూసుకుని "ఇంకా ఇరవై యూనిట్లు ఉండాయి, వాడేసుకుందాం" అనుకోవడం నేను విన్నాను. వాళ్ళను తప్పు పట్టలేను. మిగిల్చినది ఎవరికి పోతుంది? వచ్చే నెలకు కలపరు, డబ్బూ ఇవ్వరు. అన్నం పారేస్తే తిట్టే అమ్మలు యూనిట్లు మిగిలితే పోతాయేమో అని గీజరు వేస్తున్నారంటే ఆ తెలివి బిల్లు నేర్పినదే.

డబ్బు కట్టేవాళ్ళ సంగతి కూడా చూడండి. మునుపు ఇళ్ళకు రెండు మెట్లుండేవి. నెలకు 100 యూనిట్ల లోపు వాడితే యూనిటు 4 రూపాయల 75 పైసలు, 100 దాటితే 7 రూపాయలు. 2024 ఏప్రిల్ నుంచి ఆ మెట్లు తీసేసి అందరికీ ఒకటే, 5 రూపాయల 90 పైసలు అన్నారు. ఎక్కువ వాడేవాళ్ళకు యూనిటు మీద 1 రూపాయి 10 పైసలు తగ్గింది, తక్కువ వాడేవాళ్ళకు 1 రూపాయి 15 పైసలు పెరిగింది. పెద్ద వాడకం ఉంటే పెద్ద ధర అనే చిన్న న్యాయం ఒకటి ఉండేది, అదీ పోయింది. ఇది చేసి మళ్ళీ డిసెంబరులో మన చేత పొదుపు నినాదాలు రాయిస్తారు.

సరే, అయితే ధర పెంచేస్తే అందరూ పొదుపు నేర్చుకుంటారా? మన ఇళ్ళల్లో వంటగ్యాసు కథ చూస్తే దానికి జవాబు దొరుకుతుంది. 2016లో ఉజ్జ్వల పథకం మొదలయ్యాక చాలా పల్లెల్లో మొదటిసారి సిలిండరు వచ్చింది. 2023లో మన పక్క సిలిండరు ధర 1,100 రూపాయలు దాటింది. అదే సంవత్సరం ఆగస్టులో 200, మరుసటి మార్చిలో ఇంకో 100 తగ్గించారు. ధర ఆకాశంలో ఉన్నప్పుడు మావాళ్ళు గ్యాసు బాగా పొదుపు చేశారు, నిజమే. ఎట్లా? టీకి, చుట్టాలొస్తే కాఫీకి గ్యాసు. రాగిముద్దకు, పప్పుకు, స్నానం నీళ్ళకు కట్టెల పొయ్యి. నీలగిరి పుల్లలు, కానుగ కొమ్మలు, తుమ్మ మొద్దులు. గ్యాసు మిగిలింది, ఆ పొగ అమ్మల ఊపిరితిత్తుల్లోకి పోయింది. పుల్లలకు పోయేది ఎవరు? ఆదివారం పూట ఆడపిల్లలే. ధర పెంచితే పొదుపు వస్తుందని బల్ల గుద్ది చెప్పేవాళ్ళు, ఆ పొదుపు ఎవరి వీపు మీద పడుతుందో కూడా చెప్పాలి.

ధర తగ్గి మేలు జరిగిన చోటూ ఉంది. ఎల్‌ఈడీ బల్బును ప్రభుత్వ సంస్థ 2014లో మొదట కొన్నప్పుడు ఒక్కోటి 310 రూపాయలు. కోట్ల లెక్కన ఒకేసారి కొనేసరికి 2016కల్లా 38 రూపాయలకు దిగింది. మన ఇళ్ళల్లో పాత గుండు బల్బులు ఏ ఉపన్యాసం వల్లా పోలేదు. దీన్నిబట్టి ధర పెంచాలా తగ్గించాలా అనే ప్రశ్న సరైనది కాదనిపిస్తుంది. దేని ధర, ఎవరి మీద, ఆదా చేస్తే ఎవరికి లాభం? ఈ మూడు అడగాలి.

ఆదా చేసినవాళ్ళకే డబ్బు వచ్చే ఏర్పాటు మన బాగేపల్లిలోనే జరిగింది. చాలామంది పిల్లలకు ఈ సంగతి తెలియదు. బాగేపల్లి కూలీ సంఘం అని చిన్న రైతులు, కూలీలు కలిసి పెట్టుకున్న సంఘం ఉంది. ఆడాట్స్ సంస్థ దానికి తోడుగా పని చేసింది. వాళ్ళు ఐదు తాలూకాలలో 5,500 ఇళ్ళకు పేడతో నడిచే గోబర్ గ్యాసు తొట్లు కట్టించే పథకం వేశారు. అప్పటికి మనది ఇంకా కోలారు జిల్లానే, చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో కదా అయింది. కట్టెలు, సీమనూనె బదులు ఈ గ్యాసు వాడితే గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ఆ తగ్గిన లెక్కను క్యోటో ఒప్పందం కింద విదేశాల వాళ్ళు కొనుక్కోవచ్చు. 2005 డిసెంబరులో ఈ పథకం ఐక్యరాజ్యసమితి దగ్గర రిజిస్టరు అయింది. అంటే బాగేపల్లి కూలీ ఇంటి పొయ్యిలో కాలని కట్టెకు ప్రపంచం ధర కట్టింది! కాల్చినదానికి డబ్బు కట్టడం అందరికీ తెలుసు, కాల్చనిదానికి డబ్బు రావడం చూసింది మన తాలూకా.

అది కూడా ధర మీదే నిలబడితే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. 2008లో 20 యూరోల దాకా పోయిన ఆ కార్బను పత్రాల ధర 2012 ఆఖరుకు ఒక్క యూరో కంటే కిందికి పడిపోయింది. యూరపులో మార్కెట్టు పడితే బాగేపల్లిలో ఆవుకేమి తెలుసు? పొద్దున్నే పేడ వేస్తుంది. తొట్టి ఉన్న ఇంట్లో అమ్మ పేడ కలుపుతుంది, నీలం మంట వస్తుంది, పుల్లలకు పోయే పని ఉండదు, మిగిలిన పేడనీళ్ళు మడికి ఎరువు. డబ్బు ఆ తొట్టి కట్టించగలదు. దాన్ని రోజూ వాడించేది మాత్రం ఆ సుఖం.

ఇంటి సంగతి ఇంతసేపు చెప్పాను కానీ మన జిల్లాలో అసలు కరెంటు పోయేది తోటల్లో. 2008 నుంచి పది హెచ్‌పీ లోపు వ్యవసాయ మోటర్లకు కర్ణాటకలో కరెంటు ఉచితం. రాష్ట్రంలో ఇలాంటి మోటర్లు 30 లక్షలకు పైగా ఉన్నాయి. చాలావాటికి మీటరే లేదు. ఏడున్నర హెచ్‌పీ మోటరు గంటకు 5.6 యూనిట్లు తాగుతుంది. రోజుకు ఏడు గంటలు నడిస్తే 39 యూనిట్లు. పైన చెప్పిన పొదుపు ఇల్లు నెలంతా వాడిన కరెంటు, ఒక బోరు ఒక్క రోజులో వాడేస్తుంది.

మన భౌతికశాస్త్రం పాఠం ఇక్కడ పనికొస్తుంది. బరువును పైకి లేపడానికి పట్టే శక్తి ఎంజీహెచ్ కదా. వెయ్యి లీటర్ల నీళ్ళు వెయ్యి కిలోలు. 30 అడుగుల బావిలోంచి తోడితే 0.025 యూనిటు చాలు. అవే నీళ్ళు 1,000 అడుగుల బోరులోంచి లేపాలంటే 0.83 యూనిటు. పంపు, మోటరు, పైపుల్లో సగానికి పైగా నష్టం వేసుకుంటే సుమారు రెండు యూనిట్లు. మా తాత కాలంలో కపిల కట్టి ఎద్దులతో తోడిన నీళ్ళను ఇప్పుడు వెయ్యి, పదిహేను వందల అడుగుల నుంచి లాగుతున్నాము. ఎండాకాలమూ పారే నది ఒక్కటీ లేని జిల్లా మనది. కేంద్ర భూగర్భజల మండలి మన తాలూకాలలో చాలావాటిని అతిగా తోడేసిన వాటి జాబితాలో పెట్టింది. లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు. పళ్ళ మీద పసుపు గారలు మన బడిలోనే చూడొచ్చు. భూమిలో అయిపోయాయని ఇప్పుడు బెంగళూరు మురుగునీళ్ళు శుద్ధి చేసి పైపుల్లో మన చెరువులకు తెస్తున్నారు. వాటిని ఎత్తిపోసేదీ కరెంటే.

రైతును తిట్టడం సులభం. పేపర్లలో చాలామంది తిడతారు. ఒకసారి రైతు పక్కన నిలబడి చూడండి. త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు. ఒకవారం రాత్రి, ఒకవారం పగలు. పాములు తిరిగే చీకట్లో గట్టు మీదికి పోవడమెందుకని ఆటోస్టార్టరు పెట్టుకుంటాడు. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరుగుతుంది, మడి నిండి నీళ్ళు దారిలో పారినా ఆగదు. చింతామణి మార్కెట్టులో టమోటా ధర ఒకరోజు బంగారం, ఇంకోరోజు రోడ్డు పక్కన పారబోత. కరెంటుకు కూడా డబ్బు కట్టమంటే ఆ రైతు ఏమైపోతాడు? డ్రిప్పు పెట్టిన రైతులు మన జిల్లాలో చాలామంది ఉన్నారు, మంచిదే. కానీ డ్రిప్పు వల్ల మిగిలిన నీళ్ళు భూమిలో మిగలడం లేదు. ఇంకో ఎకరానికి పోతున్నాయి. ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే బొగ్గు గురించి ఈ మాట రాశాడు. ఆవిరి యంత్రం తక్కువ బొగ్గుతో నడిస్తే, దేశం మొత్తం మీద బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. సోలారు పంపులు పెడితే అంతా సరిపోతుందనేవాళ్ళకు కూడా ఇదే జవాబు. ఎండ ఉచితం, నీళ్ళు ఉచితం కావు.

మరి దారి లేదా అంటే, రెండు ఉన్నాయి. ఒకటి పంజాబులో చేశారు. అక్కడా రైతులకు కరెంటు ఉచితమే. 2018లో "పానీ బచావో పైసే కమావో" అని కొన్ని లైన్ల మీద పథకం పెట్టారు. ఇష్టమున్న రైతు మోటరుకు మీటరు పెట్టించుకుంటాడు. నెలకు ఇన్ని యూనిట్లు అని వాటా ఇస్తారు. అందులో మిగిల్చిన ప్రతి యూనిటుకు 4 రూపాయలు అతని ఖాతాలో వేస్తారు. వాటా దాటినా బిల్లు వేయరు. మీటరు అంటే బిల్లు అనే భయాన్ని ఇది తీసేసింది. మిగిల్చితే డబ్బు అని చెప్పింది.

రెండోది మన సరిహద్దు దాటితేనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఆ సంవత్సరాలలోనే అనంతపురం, చిత్తూరు, కడప లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలం కొలుచుకునే పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి సాయం చేసింది. రైతులు, రైతుల ఆడవాళ్ళు వానమాపకం చూసి రాసేవాళ్ళు, బోరులో నీటిమట్టం కొలిచేవాళ్ళు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎన్ని నీళ్ళున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని బడ్జెట్టు వేసేవాళ్ళు. ఏ పంట పెట్టాలో ఎవరూ ఆజ్ఞ వేయలేదు. కరెంటు ధర ఒక్క పైసా మారలేదు. అయినా చాలా ఊళ్ళల్లో రైతులు నీళ్ళు ఎక్కువ తాగే పంట తగ్గించుకున్నారు. అంకె కంటికి కనిపిస్తే మనిషి ఆలోచిస్తాడు. మన దగ్గర తోటలో మీటరు లేదు, ఇంట్లో మీటరు ఉన్నా బిల్లు సున్నా, వాటా ఎందుకంత ఉందో ఎవరికీ తెలియదు. దాచిపెట్టిన అంకెను పొదుపు చేయమంటే ఎట్లా?

అందుకని నేను అడిగేది ఇది. గృహజ్యోతి వాటా 2022-23 వాడకాన్ని చూసి ఇవ్వడం మానేయండి, ప్రతి ఇంటికీ ఒకే సంఖ్య ఇవ్వండి. మిగిల్చిన యూనిటుకు సగం ధరైనా ఇంటికి తిరిగి ఇవ్వండి. ఎక్కువ వాడేవాళ్ళకు పాత మెట్లు మళ్ళీ తెండి. బోర్లకు పంజాబు లాగా బిల్లు లేని మీటరు పెట్టండి, మిగిల్చిన రైతుకు డబ్బివ్వండి, కరెంటు ఒక వేళకు ఇవ్వండి. నీటిమట్టం కొలిచి పంచాయతీ గోడ మీద రాయండి. ఆ కొలిచే పని మా హైస్కూలు పిల్లలకు అప్పజెప్పినా చేస్తాము. లెక్కలు మాకు వచ్చు.

ఈ వ్యాసం రాసేముందు మా నాయనకు చదివి వినిపించాను. ఆయన మీటరు మాట దగ్గర ఆపమన్నాడు. "ఇప్పుడు బిల్లు లేని మీటరు అంటారమ్మా. రేపు గవర్నమెంటు మారితే అదే మీటరుకు బిల్లు వేయరని ఎవురు రాసిస్తారు?" అన్నాడు. ఈ ప్రశ్నకు నా దగ్గర పంజాబు లెక్క చాలదు. బిల్లు వేయము అనే మాట అసెంబ్లీలో చట్టంగా రావాలి, మంత్రి ప్రసంగంలో వస్తే కాదు అని చెప్పాను. "అట్లయితే మొదట అది తెమ్మను, మీటరు నేనే గోడకు కొట్టుకుంటా" అన్నాడు.